జాన్సెన్ ‘ఛాయాచిత్ర రివాల్వర్’: ఒక ఖగోళ పరికరం చరిత్ర, దాని తెలుగు నామకరణం

ప్రస్తావన

పరికరాల చరిత్ర రాసేవారికి తరచుగా ఎదురయ్యే ఇబ్బంది ఒకటుంది. ఒక పరికరం ఏ అవసరం కోసం పుట్టిందో ఆ అవసరం మరుగునపడుతుంది. అది తరువాత దేనికి దారితీసిందో అదే దాని చరిత్రగా స్థిరపడుతుంది. ఫ్రెంచి ఖగోళశాస్త్రజ్ఞుడు పియెర్ జూల్ సెజార్ జాన్సెన్ (1824-1907) రూపొందించిన ‘ఛాయాచిత్ర రివాల్వర్’ విషయంలో సరిగ్గా ఇదే జరిగింది. దూరదర్శిని చివర అమర్చి, సూర్యబింబం అంచును వరుస చిత్రాలుగా బంధించడానికి 1874లో తయారైన అనుబంధ పరికరం అది. సినిమా చరిత్ర గ్రంథాలు దానిని చలనచిత్ర కెమెరాకు పూర్వరూపంగా తొలి పుటల్లోనే ప్రస్తావించి వదిలేస్తాయి. ఖగోళశాస్త్ర చరిత్రలోనేమో అది ఫలించని ప్రయత్నాల జాబితాలో చేరింది.

తెలుగువారికి జాన్సెన్ పేరు మరో దారిలో పరిచయం. 1868 ఆగస్టు 18 నాటి సంపూర్ణ సూర్యగ్రహణాన్ని ఆయన గుంటూరులో పరిశీలించాడు. ‘హీలియం గుంటూరులో పుట్టింది’ అనే మాట మన పత్రికా వ్యాసాల్లో పదే పదే వినబడుతుంది. గుంటూరు జాన్సెన్, రివాల్వర్ జాన్సెన్ ఒక్కరేనని గుర్తించి, ఆ రెండు పనులనూ కలిపి చదివిన తెలుగు రచన నా పరిశీలనలో కనిపించలేదు. వాటిని కలిపి చదివితే ఆ పరికరం వెనుక ఉన్న ఆలోచన స్పష్టపడుతుందని ఈ వ్యాసం ప్రతిపాదన. దానితోపాటు, ఈ చరిత్రను తెలుగులో చెప్పబూనినప్పుడు ఎదురయ్యే పారిభాషిక పదాల సమస్యను కూడా చర్చించడం జరిగింది. ఆ సమస్య కేవలం అనువాదానికి సంబంధించినది కాదు. ఏ పదం ఎంచుకుంటామన్నదాన్ని బట్టి ఏం చూస్తున్నామన్నది మారిపోతుంది.

గుంటూరులో జాన్సెన్ చేసిన పని

1868 గ్రహణపు సంపూర్ణ ఛాయ తెలుగు దేశం మీదుగా సాగింది. దానిని చూడటానికి వచ్చిన బృందాల చిరునామాలన్నీ మనకు తెలిసిన ఊళ్లే. గుంటూరులో జాన్సెన్‌తో పాటు బ్రిటిష్ సైనికాధికారి జేమ్స్ ఫ్రాన్సిస్ టెనెంట్ బృందం కూడా ఉంది. మద్రాసు నక్షత్రశాల అధిపతి నార్మన్ పోగ్సన్ మచిలీపట్నంలోనూ, ఆయన సహాయకుడు చింతామణి రఘునాథాచారి వనపర్తిలోనూ మకాం వేశారు. ఇక్కడ ఒక విషయం గమనించాలి. ఆనాడు గుంటూరులో గ్రహణానికి ఛాయాచిత్రాలు తీసినవాడు జాన్సెన్ కాదు, టెనెంట్. జాన్సెన్ చేతిలో ఉన్నది వర్ణపటదర్శిని. కాంతిని సన్నని చీలిక గుండా పంపి, రంగుల పట్టీగా విడదీసి చూసే సాధనం అది.

సంపూర్ణ గ్రహణ సమయంలో సూర్యబింబపు అంచున ఎగసిపడే జ్వాలల నుండి ప్రకాశవంతమైన గీతలు రావడం ఆయన చూశాడు. అవి వాయుమయాలనీ, ప్రధానంగా ఉదజనితో కూడినవనీ నిర్ణయించాడు. ఆ గీతలు ఎంత కాంతివంతంగా ఉన్నాయంటే, గ్రహణం లేని వేళ కూడా వాటిని చూడవచ్చునని ఆయనకు అప్పుడే తట్టింది. మరునాడు, ఆగస్టు 19 ఉదయం, పూర్తి సూర్యకాంతిలో వాటిని చూసి తన ఊహను రుజువు చేసుకున్నాడు. అంతవరకు సూర్యజ్వాలలను చూడాలంటే గ్రహణం కోసం కాచుకుని, ఖండాలు దాటి వెళ్లవలసి వచ్చేది. ఆ నిర్బంధం గుంటూరులో తొలగిపోయింది. ఈ సంగతిని పారిస్ విజ్ఞాన అకాడమీకి తెలియజేస్తూ ఆయన రాసిన లేఖపై ఉన్న స్థలం కాకినాడ, తేదీ 1868 సెప్టెంబరు 19. ఇంగ్లండులో నార్మన్ లాకియర్ ఇదే పద్ధతిని స్వతంత్రంగా సాధించి, అక్టోబరు 20న గీతలను చూశాడు. ఇద్దరి వార్తలూ అకాడమీ ముందుకు ఒకే సమావేశంలో వచ్చాయి. తరువాత ఇద్దరి ముఖచిత్రాలతో ఫ్రెంచి ప్రభుత్వం ఒక పతకాన్ని ముద్రించింది.

మరి హీలియం? పసుపు గీతను ఆ గ్రహణంలో పలువురు చూశారు. అది సోడియం గీతల స్థానంలో లేదని నిర్ధారించి, దాని వెనుక భూమిపై తెలియని మూలకం ఉండవచ్చునని వాదించి, దానికి సూర్యుని పేరుతో హీలియం అని నామకరణం చేసిన వాదసరళి లాకియర్‌ది. భూమిపై హీలియం దొరికింది 1895లో, విలియం రామ్సే ప్రయోగశాలలో. కాబట్టి ‘గుంటూరులో జాన్సెన్ హీలియం కనుగొన్నాడు’ అన్న వాక్యం సత్యానికి దగ్గరగా కనిపిస్తూనే, ఆయన నిజంగా సాధించినదాన్ని కప్పివేస్తోంది. స్థానికాభిమానం వల్ల ఈ వాక్యాన్ని సవరించడానికి మనం వెనుకాడుతున్నామేమో. నిజానికి సవరించుకుంటే గుంటూరుకు దక్కే గౌరవం పెరుగుతుంది. మూలకం ఒక వస్తువు. జాన్సెన్ అక్కడ సాధించినది చూసే పద్ధతి.

ఆ పద్ధతిలోని ఒక అంశం మన విషయానికి కీలకం. వర్ణపటదర్శినిలోని చీలిక సూర్యజ్వాలలో ఒక సన్నని పట్టీని మాత్రమే చూపుతుంది. జ్వాల ఆకారమంతా కావాలంటే చీలికను కొద్దికొద్దిగా జరుపుతూ, ఒక్కొక్క స్థానంలో గీత పొడవును గుర్తించి, ఆ ముక్కలను కాగితంపై కూర్చుకోవాలి. గుంటూరులో ఆయన చేసిన పని అదే. 1869లో ఆయన దీనికి యాంత్రిక రూపం ఒకటి సూచించాడు. పరికరాన్ని వేగంగా తిప్పితే, కంటిలో ముద్ర కాసేపు నిలిచే గుణం వల్ల విడివిడి పట్టీలు కలిసిపోయి జ్వాల మొత్తం ఒకేసారి కనిపిస్తుందన్నది ఆ సూచన. తిరిగే యంత్రం, చీలిక, ముక్కలుగా పట్టి కూర్చడం అనే ఈ మూడూ అయిదేళ్ల తరువాత రివాల్వర్‌లో తిరిగి కనిపిస్తాయి. అయితే దిశ మారింది. 1869 నాటి ఊహలో అనేక ముక్కలు కలిసి ఒక నిశ్చల చిత్రమవుతాయి. రివాల్వర్‌లో ఒక చలనం అనేక నిశ్చల చిత్రాలుగా విడిపోతుంది. రివాల్వర్‌కు మూలం తుపాకీలోనే ఉందని చెప్పేవారు ఈ వంశవృక్షాన్ని పట్టించుకోలేదని నా అభిప్రాయం.

శుక్రుడు, నల్లబొట్టు

శుక్రగ్రహం భూమికీ సూర్యునికీ మధ్యగా వచ్చి, సూర్యబింబంపై చిన్న నల్లని వృత్తంలా కదలడం బహు అరుదు. 1761, 1769, 1874, 1882, 2004, 2012 సంవత్సరాల్లో ఈ ఘటన జరిగింది. మళ్లీ 2117లో గాని జరగదు. భూమిపై దూరదూరంగా ఉన్న రెండు స్థలాల నుండి చూస్తే శుక్రుడు సూర్యబింబంపై వేర్వేరు రేఖల వెంట నడిచినట్లు కనిపిస్తాడు. ఆ తేడా నుండి సూర్యలంబనాన్ని, దాని నుండి భూమికీ సూర్యునికీ గల దూరాన్ని లెక్కించవచ్చునని ఎడ్మండ్ హేలీ 1716లో వివరించాడు. గ్రహాల మధ్య దూరాల నిష్పత్తులు అప్పటికే తెలుసు. ఒక్క దూరం అంకెల్లో తెలిస్తే సౌరకుటుంబమంతా కొలతకు లొంగుతుంది. ప్రభుత్వాలు నౌకలను, సైనికులను, ధనాన్ని వెచ్చించింది ఆ ఒక్క అంకె కోసమే.

హేలీ పద్ధతి ఒక క్షణంపై ఆధారపడింది. శుక్రబింబం పూర్తిగా సూర్యబింబంలోకి వచ్చి, లోపలి అంచును అప్పుడే తాకి విడిపోయే క్షణం అది. ఆ క్షణాన్ని గడియారంలో పట్టుకోవాలి. 18వ శతాబ్దంలో పరిశీలకులు తీరా చూడబోతే ఆ క్షణమే కనిపించలేదు. శుక్రుడు లోపలికి వచ్చిన తరువాత కూడా సూర్యుని అంచుకు ఒక నల్లని మెడతో అంటుకుని ఉన్నట్లు తోచింది. చూరు నుండి జారబోతున్న నీటిబొట్టు ఎలా సాగి, సన్నబడి, హఠాత్తుగా తెగుతుందో అలా. తెగింది ఎప్పుడు? ఒకే చోట పక్కపక్కన కూర్చున్నవారు కూడా వేర్వేరు సమయాలు రాశారు. 1769లో తాహితి ద్వీపంలో కెప్టెన్ కుక్, చార్ల్స్ గ్రీన్, డానియెల్ సోలాండర్‌ల లెక్కలు తమలో తాము పొసగలేదు.

ఈ నల్లబొట్టుకు కారణం శుక్రుని వాతావరణమని చాలాకాలం అనుకున్నారు. వాతావరణమన్నదే లేదని చెప్పదగ్గ బుధుడు సూర్యబింబంపై నడిచినప్పుడు కూడా అది కనిపించింది. 1999 నాటి బుధగమనాన్ని అంతరిక్షం నుండి తీసిన చిత్రాలలో కూడా కనిపించింది. దూరదర్శిని సూక్ష్మవివరాలను విడదీయగల శక్తికి ఉన్న పరిమితి, సూర్యబింబం అంచువైపు పోయేకొద్దీ కాంతి వేగంగా తగ్గడం, ఈ రెండూ కలిసి దానిని కలిగిస్తాయని ఇప్పుడు తెలుసు. అంటే లోపం చూసేవానిది కాదు, ప్రకృతికీ గాజుకీ మధ్య ఉన్న సంబంధంలోనే ఉంది. ఈ విషయం 1874లో తెలియదు. కన్నును నమ్మరాదన్నదే ఆనాటి నిర్ధారణ. ఖగోళ పరిశీలనలో వ్యక్తికీ వ్యక్తికీ గల తేడాను ‘వ్యక్తిగత సమీకరణం’ అన్నారు. కృత్రిమ సూర్యుణ్ణి, కృత్రిమ శుక్రుణ్ణి అమర్చిన నమూనాలపై పరిశీలకులకు ముందుగా శిక్షణ ఇచ్చారు. బ్రిటన్‌లో గ్రీనిచ్ నక్షత్రశాలలో అటువంటి నమూనా నెలకొల్పారు. ఫ్రాన్సులోనూ అటువంటి సాధన జరిగింది.

పరికర నిర్మాణం

జాన్సెన్ వేసిన ప్రశ్న సరళమైనది. క్షణాన్ని నిర్ణయించే బాధ్యతను పరిశీలకుని నుండి తప్పిస్తే ఎలా ఉంటుంది? ఆ క్షణం చుట్టూ ఉన్న కాలాన్నంతా సమాన విరామాలతో చిత్రాలుగా నిలిపితే, ఏ చిత్రంలో స్పర్శ జరిగిందో తరువాత తాపీగా, సూక్ష్మదర్శిని కింద చూసుకోవచ్చు. 1873లో ఆయన ఈ ఆలోచనను ఫ్రెంచి అకాడమీకి చెందిన శుక్రగమన సంఘం ముందుంచాడు. తొలి నమూనా తృప్తి కలిగించలేదు. గడియారాల తయారీలో పేరుపొందిన రెదియె నిర్మాణశాల చేతిలో పరికరం పనికివచ్చే రూపం దాల్చింది.

దానిని ఇలా ఊహించుకోవచ్చు. గుండ్రని డబ్బా వంటి పేటిక. దానిలో ఒకే అక్షంపై రెండు పళ్లేలు. వెనుకది వెండిపూత పూసిన ఛాయాచిత్ర ఫలకం, ముందున్నది కాంతిని అడ్డగించే పళ్లెం. అడ్డుపళ్లేనికి అంచు పొడవునా 12 చీలికలు. ఇది గడియార యంత్రంతో ఆగకుండా 18 సెకన్లకు ఒక చుట్టు తిరుగుతుంది. కాబట్టి ప్రతి ఒకటిన్నర సెకనుకు ఒక చీలిక చిన్న కిటికీ ముందుగా పోతుంది. వెనుకనున్న ఫలకం అలా నిరంతరం తిరగరాదు, తిరిగితే చిత్రం చెదిరిపోతుంది. చీలిక వచ్చినప్పుడు అది నిశ్చలంగా నిలవాలి, చీలిక దాటగానే ఒక్క అడుగు ముందుకు జరగాలి. ఈ ఆగి-నడిచే కదలికను మాల్టా శిలువ ఆకారపు చక్రం ద్వారా సాధించారు. ఫలకం ఒక్కొక్క అడుగుకు ఏడున్నర డిగ్రీలు తిరుగుతుంది. 48 అడుగులకు, అంటే 72 సెకన్లకు, ఒక చుట్టు పూర్తవుతుంది. ఫలకం అంచు చుట్టూ 48 చిన్న చిత్రాలు గాజులోని రాళ్లలా వరుసగా ఏర్పడతాయి. సూర్యబింబమంతా వాటిలో ఉండదు. శుక్రుడు తాకబోయే అంచు వరకు మాత్రమే ఉంటుంది. పరికరం సూర్యుని వెంట తిరగనక్కరలేదు. గడియార యంత్రంతో నడిచే అద్దం సూర్యకాంతిని పట్టి, అడ్డంగా స్థిరంగా ఉన్న దూరదర్శినిలోకి పంపుతుంది.

ఫలకం ఎంపిక ఆసక్తికరం. 1874 నాటికి డాగ్యురోటైపు దాదాపు పాతబడిన పద్ధతి. చిత్రశాలల్లో కొలోడియన్ గాజు ఫలకాలు రాజ్యమేలుతున్నాయి. అయినా జాన్సెన్ వెండి ఫలకానికే మొగ్గాడు. కొలోడియన్ పొర ఆరినప్పుడు కుంచించుకుపోవచ్చు. కొలతకు ఉద్దేశించిన చిత్రంలో వెంట్రుకవాసి కుంచింపు కూడా ప్రమాదమే. వెండి ఫలకంపై చిత్రం లోహపు ఉపరితలంపైనే ఏర్పడుతుంది గనుక జరగదు, అంచులు కూడా పదునుగా వస్తాయి. దానికున్న పెద్ద లోపం మందకొడితనం. సూర్యుణ్ణే చిత్రిస్తున్నప్పుడు అది లోపమే కాదు. కొత్తది వచ్చినప్పుడు పాతది పనికిరాకుండా పోతుందని సాంకేతిక చరిత్రను ఒకే దారిగా రాసేవారు ఈ ఉదాహరణను గుర్తుంచుకోవాలి.

బ్రిటిష్ బృందాలు ఈ ఆలోచనను తీసుకుని, వారెన్ డి లా రూ పర్యవేక్షణలో, కటకాల తయారీదారు డాల్‌మేయర్ నిర్మాణంతో తమ సౌరచిత్ర యంత్రాలకు తగిలించే అనుబంధ పరికరంగా మలిచాయి. దానికి ‘జాన్సెన్ స్లైడ్’ అని పేరు. మామూలుగా ఫలకం పెట్టే చోట దీనిని అమర్చితే చాలు. వారు వెండి ఫలకాలకు బదులు గాజు ఫలకాలు వాడారు. ఆనాటి బ్రిటిష్ బృందాల కోసం విలియం ఆబ్నీ సిద్ధం చేసిన పొడి ఫలకాల్లో కోడిగుడ్డు తెల్లసొనతో పాటు బీరు కూడా ఒక దినుసు.

‘రివాల్వర్’ అన్న పేరు

కాల్ట్ చేతితుపాకీలో గుళ్లగది ఒక్కొక్క మెట్టు తిరుగుతూ ప్రతి గుండునూ గొట్టం ఎదుటికి తెచ్చినట్లే, ఈ పరికరం ఫలకంలోని ఒక్కొక్క భాగాన్నీ కటకం ఎదుటికి తెస్తుంది. పోలిక యంత్రాంగానికి సంబంధించినదే. గురిపెట్టి పేల్చడంతో దానికి సంబంధం లేదు. పరికరం చేతిలో పట్టుకునేది కూడా కాదు. అయినా పేరు తన పని తాను చేసుకుపోయింది. 1882లో శరీరధర్మ శాస్త్రజ్ఞుడు ఎతియెన్ జూల్ మారే ఎగిరే పక్షుల కోసం తయారుచేసిన ‘ఛాయాచిత్ర తుపాకి’ నిజంగానే భుజానికి ఆనించి గురిపెట్టేది. సెకనుకు 12 చిత్రాలు తీసేది. మారే జాన్సెన్‌కు తన ఋణాన్ని అంగీకరించాడు. జాన్సెన్ కూడా 1876లో ఫ్రెంచి ఛాయాచిత్రకారుల సంఘానికి తన పరికరాన్ని పరిచయం చేస్తూ, జంతువుల నడకను, పక్షుల రెక్కల కదలికను ఈ మార్గంలో అధ్యయనం చేయవచ్చునని సూచించి ఉన్నాడు.

ఆంగ్లంలో వేటభాష ఛాయాచిత్రకళలోకి అంతకుముందే చొరబడింది. గురిచూడకుండా చటుక్కున పేల్చే దెబ్బకు వేటగాళ్లు వాడే ‘స్నాప్‌షాట్’ అన్న పదాన్ని ఛాయాచిత్రానికి అన్వయించింది జాన్ హెర్షెల్, 1860లో. తెలుగు ఈ దారి పట్టలేదు. మనం ఫోటో ‘తీస్తాం’, ఎదుట నిలబడ్డవారు ఫోటో ‘దిగుతారు’. ఈ రెండు క్రియల్లోనూ ఆయుధం లేదు. ‘షూటింగ్’ అన్న మాట సినిమాతో పాటు వచ్చి, పరిశ్రమ మాటగానే మిగిలిపోయింది. అందువల్ల ‘ఛాయాచిత్ర రివాల్వర్’ అన్న పేరును తెలుగులో చదివినప్పుడు కలిగే విస్మయం ఆనాటి ఐరోపా పాఠకునికి కలిగి ఉండదు. ‘పరిభ్రమణ ఛాయాగ్రాహకం’ వంటి పదం కల్పించి ఆ విస్మయాన్ని తుడిచివేయవచ్చు. కాని అలా చేస్తే మారే తుపాకితో దీనికున్న నామసంబంధం తెగిపోతుంది. కనుక ఈ వ్యాసంలో ‘రివాల్వర్’ అనే ఉంచడమైనది.

నాగసాకి, ఆ తరువాత

జాన్సెన్ ప్రయాణాల మనిషి. చిన్ననాటి ప్రమాదం వల్ల ఒక కాలు కుంటి అయినా 1868లో గుంటూరుకు వచ్చాడు. 1870 డిసెంబరులో ప్రష్యన్ సేనలు పారిస్‌ను ముట్టడించి ఉన్నప్పుడు బెలూన్‌లో నగరం దాటి ఒరాన్‌కు పోయి, అక్కడ మబ్బుల వల్ల గ్రహణం చూడలేకపోయాడు. 1871 గ్రహణానికి మళ్లీ దక్షిణ భారతానికి, నీలగిరులకు వచ్చాడు. 1874 శుక్రగమనానికి జపాన్‌ను ఎంచుకుని, నాగసాకిలోని కొంపిరా కొండపై విడిది చేశాడు. బృందంలో ఒక భాగాన్ని ముందుజాగ్రత్తగా కోబేకు పంపాడు. నాగసాకిలో రివాల్వర్‌ను నడిపిన బాధ్యత బ్రెజిల్ నుండి వచ్చిన యువ ఖగోళజ్ఞుడు ఫ్రాన్సిస్కో ఆంటోనియో డి అల్మైడాది. అదే ఊళ్లో అమెరికన్ బృందం కూడా ఉంది. దానికి ఛాయాచిత్రాలు తీసిపెట్టినవాడు జపాను ఛాయాచిత్రకళకు ఆద్యుల్లో ఒకడైన ఉయెనో హికోమా.

డిసెంబరు 9న పరికరం పనిచేసింది, చిత్రాలు వచ్చాయి. అనుకున్న ఫలితం మాత్రం రాలేదు. వివిధ దేశాలు తెచ్చిన వేలాది ఛాయాచిత్రాలను కొలవబోతే సూర్యుని అంచే స్పష్టంగా తేలలేదు. కంటికి కనబడిన సందిగ్ధతే ఫలకంపైనా ప్రత్యక్షమైంది. రివాల్వర్ ఫలకాలు సూర్యలంబనాన్ని నిర్ణయించడంలో చెప్పుకోదగ్గ పాత్ర వహించలేదు. 1882 శుక్రగమనానికి బ్రిటిష్ బృందాలు ఛాయాచిత్రణనే వదిలి మళ్లీ కంటికి తిరిగి వచ్చాయి. ఈలోగా 1877లో డేవిడ్ గిల్ అసెన్షన్ ద్వీపం నుండి కుజుణ్ణి పరిశీలించి మెరుగైన విలువ సాధించాడు. 1898లో ఎరోస్ అనే చిన్న గ్రహం కనబడ్డాక శుక్రగమనంతో అవసరమే తీరిపోయింది.

ఇక్కడ ఆగి ఆలోచించవలసినది ఉంది. రివాల్వర్ మనిషిని తొలగించిందా? 72 సెకన్ల యంత్రాన్ని స్పర్శకు సరిగ్గా ఎన్ని సెకన్ల ముందు కదిలించాలో నిర్ణయించవలసినవాడు మనిషే. తొలి బాహ్యస్పర్శకూ అంతఃస్పర్శకూ నడుమ ఆ రోజు దాదాపు అరగంట ఉంది. ఆ అరగంటలో ఏ నిమిషాన్ని ఫలకానికి అప్పగించాలో దూరదర్శినిలో చూస్తూ తేల్చుకోవాలి. తరువాత సూక్ష్మదర్శిని కింద 48 చిత్రాల్లో ఏ రెండింటి నడుమ మెడ తెగిందో చెప్పవలసినవాడూ మనిషే. కాబట్టి పరికరం తీర్పును రద్దు చేయలేదు, వాయిదా వేసింది. ఆ వాయిదా వల్ల కలిగిన లాభం తక్కువది కాదు. కంటి సాక్ష్యం చూసినవానితోనే ముగిసిపోతుంది. ఫలకాన్ని మరొకరు, మరొక ఊళ్లో, మళ్లీ చదవవచ్చు. సాక్ష్యం పాఠంగా మారింది. జాన్సెన్ ఛాయాచిత్ర ఫలకాన్ని శాస్త్రజ్ఞుని కంటిపొరగా అభివర్ణించడానికి కారణం ఇదేనని భావించవచ్చు. సాహిత్య విద్యార్థులకు ఈ మార్పు పరాయిది కాదు. ఆశువుగా చెప్పిన పద్యానికీ తాళపత్రానికెక్కిన పద్యానికీ గల తేడా వంటిదే ఇది. తాళపత్రం పాఠాంతరాలను తొలగించదు, వాటిపై వాదించుకోవడానికి వీలు కల్పిస్తుంది.

సినిమా చరిత్ర చేసే వాదాన్ని ఈ నేపథ్యంలో పరిశీలించాలి. వెండి ఫలకంపై శుక్రుడు వరుసగా కదులుతున్న చిత్రాలను కలిపి చూపే దృశ్యాన్ని ‘ప్రపంచపు తొలి చలనచిత్రం, 1874, జపాన్’ అన్న శీర్షికతో నేడు విరివిగా చూపుతున్నారు. 2005లో ఫ్రాన్స్వాజ్ లోనే, పీటర్ హింగ్లీ చేసిన అధ్యయనం దీనిని నిరాకరించింది. జాన్సెన్ రివాల్వర్‌వని చెప్పుకునే మిగిలిన ఫలకాలు అసలు శుక్రగమనానివి కావు. ముందుగా నమూనాపై సాధన చేసినప్పుడు తీసినవి. అంటే తొలి చలనచిత్రంగా ప్రచారంలో ఉన్నదానిలో సూర్యుడూ కృత్రిమమే, శుక్రుడూ కృత్రిమమే.

పైగా జాన్సెన్ ఉద్దేశం చలనాన్ని తిరిగి చూపడం కాదు. ఆ 48 చిత్రాలను వరుసగా తెరపై నడిపించాలని ఆయన కోరుకోలేదు. వాటిలో ఒక్కదానిని వెదకి పట్టుకుని తక్కినవాటిని పక్కన పెట్టడమే లక్ష్యం. ఆగి-నడిచే ఫలకం, అడ్డుపళ్లెం, సమాన విరామం అనే అంగాలు సినిమా యంత్రంలోకి వచ్చిన మాట వాస్తవమే. ఉద్దేశం మాత్రం తలకిందులుగా వచ్చింది. ఈ భేదాన్ని గుర్తించకుండా ‘తాత’ సంబంధం కలపడం తొందరపాటు. 1895 జూన్‌లో లియోన్‌లో జరిగిన ఛాయాచిత్రకారుల మహాసభలో లూమియేర్ సోదరులు వృద్ధ జాన్సెన్‌ను తమ యంత్రంతో చిత్రించి, మరునాడే ప్రదర్శించారు.

విశాఖపట్నం, పారిభాషిక పదాలు

అదే 1874 డిసెంబరు 9 ఉదయం విశాఖపట్నంలో అంకితం వెంకట నరసింగరావు తన నక్షత్రశాల నుండి శుక్రగమనాన్ని దూరదర్శినితో పరిశీలించాడు. ఆయన మామ గోడే వెంకట జగ్గారావు 1840లో డాబాగార్డెన్స్‌లో నెలకొల్పిన నక్షత్రశాల అది. రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ సభ్యుడైన నరసింగరావు పరిశీలన ఆ సంస్థ మాసపత్రికలో వెలువడింది. మద్రాసులో రఘునాథాచారి ఈ ఘటనను దేశీయులకు వివరించడానికి 1874లోనే పలు భాషల్లో ఒక పుస్తికను వెలువరించాడు. పంచాంగ సంప్రదాయమూ నూతన ఖగోళశాస్త్రమూ ఎదురెదురుగా నిలిచిన సందర్భమది. ఆనాడు ఏ మాటతో దీనిని పిలవాలన్న ప్రశ్న ఆయనకు ఎంత ముఖ్యమో ఈనాడు మనకూ అంతే.

‘శుక్ర సంక్రమణం’ అన్నది ఇప్పుడు వాడుకలో ఉంది. తెలుగు పాఠకునికి సంక్రమణం అనగానే మకర సంక్రమణమే స్ఫురిస్తుంది. అది రాశి ప్రవేశానికి రూఢమైన మాట. ‘శుక్ర గ్రహణం’ అంటే శుక్రునికి పట్టిన గ్రహణమని అపార్థం కలగవచ్చు. ‘శుక్రయానం’ అంటే నేడు అంతరిక్ష నౌక గుర్తుకు వస్తుంది. సూర్యసిద్ధాంతంలోని గ్రహయుత్యధికారం బింబాలు ఒకదానినొకటి కప్పే యుతిని ‘భేదం’ అంటుంది. శాస్త్రపరంగా ఇది దగ్గరి పదమే అయినా, వ్యవహారంలో భేదం అంటే తేడా అనే అర్థం బలపడిపోయింది. అందువల్ల ‘రవిబింబ శుక్రగమనం’ అని, సందర్భం తెలిసిన చోట ‘శుక్రగమనం’ అని వాడటం మేలనిపిస్తుంది.

స్పర్శల విషయంలో మన సంప్రదాయం మరింత సంపన్నం. గ్రహణానికి స్పర్శ, నిమీలనం, మధ్యం, ఉన్మీలనం, మోక్షం అన్న దశలను పంచాంగాలు నేటికీ వాడుతున్నాయి. శుక్రగమనంలోని నాలుగు స్పర్శలకు వీటిలో నాలుగు మాటలు చక్కగా సరిపోయేలా కనిపిస్తాయి. ఇక్కడ జాగ్రత్త అవసరం. నిమీలనం అంటే కన్ను మూసుకోవడం. గ్రహణంలో కప్పబడే బింబం పూర్తిగా మరుగయ్యే క్షణానికి ఆ పేరు. శుక్రగమనంలో ఏదీ మరుగు కాదు. చిన్న బింబం పెద్ద బింబం లోపలికి చేరి స్పష్టంగా కనబడటం మొదలవుతుంది. అర్థం తారుమారవుతుంది గనుక స్పర్శ, మోక్షం అన్నవాటిని స్వీకరించి, లోపలి రెండింటికీ ‘ప్రవేశ అంతఃస్పర్శ’, ‘నిర్గమ అంతఃస్పర్శ’ అనడం సమంజసం.

ఇక జాన్సెన్‌ను ఇంత శ్రమకు గురిచేసిన ఆ నల్లని మెడ మిగిలింది. ఆంగ్లంలోని పేరును అనుసరించి ‘నల్లచుక్క’ అనాలని తొలుత అనిపిస్తుంది. కాని తెలుగులో చుక్క అంటే నక్షత్రం కూడా. శుక్రుడే మనకు వేగుచుక్క. సూర్యునిపై నల్లగా కనిపించే శుక్రుణ్ణి నల్లచుక్క అంటే ఎంతో సహజంగా ఉంటుంది. అందుచేతనే ఆ మాటను శుక్రబింబానికి విడిచిపెట్టి, అంచున సాగి తెగే ఆకారానికి ఈ వ్యాసంలో ‘నల్లబొట్టు’ అన్న పదాన్ని వాడటం జరిగింది.